విడాకులివ్వని విడాకుల కాగితం

కారంచేడు తర్వాత మనం కోర్టు మెట్లెక్కడం నేర్చుకున్నాం. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను నరికి గోనెసంచుల్లో కుక్కి కాలువలో తొక్కేస్తే, ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టాలని పట్టుబట్టి పెట్టించుకున్నాం. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. అయినా మనం కోర్టును వదల్లేదు. ఎఫ్.ఐ.ఆర్. అంటే ఏందో, సాక్ష్యం అంటే ఏందో మన పల్లెల్లో అక్షరం ముక్క రాని ముసలమ్మలకు కూడా తెలుసు. మరి మన ఆడపిల్లను మొగుడు అర్ధరాత్రి పూట చంటిబిడ్డతో సహా బయటికి నెట్టినప్పుడు మాత్రం మనకే చట్టమూ గుర్తుకు రాదెందుకు? వేపచెట్టు కింద నులకమంచం వాల్చి, వందరూపాయల బాండు పేపరు మీద ఆ పిల్ల బతుకును ఒక్కపూటలో తేల్చేస్తాం.

నేను బడిపంతుల్ని. పల్లెలో నాలుగు అక్షరాలు వచ్చినవాడు కనబడితే ఏ కాగితమైనా చదివిపెట్టమని తెస్తారు. కరెంటు బిల్లు, బ్యాంకు నోటీసు, పాసుపుస్తకం, వాటితోపాటే ఈ తెగతెంపుల కాగితాలు. ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను. ఊళ్ళు మారతాయి, పేర్లు మారతాయి, మాటలు మాత్రం అచ్చు గుద్దినట్టు అవే. ‘మా ఇరువురికీ మనస్పర్థలు వచ్చినందున పెద్దమనుషుల సమక్షంలో ఇష్టపూర్వకంగా విడిపోవడమైనది. ఇకమీదట ఒకరిపై ఒకరికి ఎట్టి హక్కులు గానీ, మనోవర్తి గానీ, కోర్టు తగాదాలు గానీ లేవు. ఎవరికి ఇష్టమైన పెళ్ళి వారు చేసుకొనవచ్చును.’ కింద మొగుడి సంతకం, ఆమె వేలిముద్ర, నలుగురు సాక్షులు. ఆమె చేతిలో పెట్టేది ముప్పై వేలో యాభై వేలో. అందులోంచి మళ్ళీ పంచాయితీ ఖర్చులు పోతాయి. ఆ రాత్రి పెద్దమనుషుల తాగుడు ఎవరి ఖాతాలో పడుద్దో వేరే చెప్పాలా?

చేతిరాత బాగుంటుందని ఒకటి రెండుసార్లు నన్నే రాయమన్నారు. రాయనన్నాను. ఎందుకు రాయనన్నానో ఇప్పుడు చెప్తాను, కొంచెం ఓపిగ్గా వినండి. ఇది చట్టం మాట, కానీ కష్టమైన మాటేం కాదు.

ఈ కాగితంతో విడాకులు రావు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. ఆ చట్టం కింద భార్యాభర్తల్ని విడదీసేది కోర్టు ఒక్కటే. నోటరీ ముద్ర వేయించినా, సర్పంచి సంతకం పెట్టినా, పోలీసుస్టేషన్లో ఎస్సైగారి బల్ల మీదే రాయించినా అది కోర్టు డిక్రీ కాదు. కాగితం రాసిన మర్నాడు కూడా ఆమె అతని భార్యే, అతను ఆమె మొగుడే.

సరే, భార్యే కదా, భార్యకు మనోవర్తి అడిగే హక్కుంది కదా అంటారు. అక్కడే ఉంది ఉరి. మనోవర్తికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షను ఉండేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, అందులో ఇది 144వ సెక్షను. నంబరు మారింది, సరుకు అదే. ఆ సెక్షనులో ఒక చిన్న ముక్క ఉంది. భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో వేరుగా బతుకుతుంటే భార్యకు మనోవర్తి రాదు. ఇప్పుడు ఆ బాండు పేపరు మళ్ళీ చదవండి. ‘ఇష్టపూర్వకంగా విడిపోవడమైనది.’ ఆ రెండు మాటలు ఊరికే పడలేదు. మొగుడి తరఫు వకీలు కోర్టులో పైకెత్తి చూపించేది ఆ రెండు మాటల్నే.

ఎట్లా బిగించారో చూడండి. విడాకులు తీసుకున్న ఆడమనిషి మళ్ళీ పెళ్ళి చేసుకోనంత వరకు మాజీ భర్త నుంచి మనోవర్తి అడగొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. విడాకుల్లేకుండా గెంటేయబడ్డ భార్య కూడా అడగొచ్చు. ఈ కాగితం మీద వేలుముద్ర వేసిన మనిషి మాత్రం రెండిటికీ చెడింది. విడాకులొచ్చిన మనిషి కాదు, గెంటేయబడ్డ మనిషీ కాదు. ‘నన్ను కొట్టి తరిమారు, ఇష్టమెక్కడిది’ అని ఆమె వాదించుకోవచ్చు. గట్టిగా వాదిస్తే గెలవొచ్చు కూడా. కానీ ఆ బరువంతా ఎవరి నెత్తిన పడింది? వేలుముద్ర వేసిన ఆమె నెత్తిన. నలుగురు సాక్షులూ ఆ నాలుగు సంతకాలూ ఆమెకు ఎదురు నిలబడతాయి.

ఇంకా ఉంది. ‘ఇష్టమైన పెళ్ళి చేసుకొనవచ్చును’ అని రాశారు గదా, నమ్మి ఆమె చేసుకుంటది. రెండో మొగుడు నాలుగేళ్ళు కాపురం చేసి, ఒక బిడ్డ పుట్టాక, ‘నీకు మొదటి మొగుడుండగా నా పెళ్ళెక్కడ చెల్లింది’ అంటాడు. ఇది కట్టుకథ కాదు. హైదరాబాదు నుంచి సరిగ్గా ఇట్లాంటి కేసే సుప్రీంకోర్టు దాకా పోయింది. మొదటి భర్తతో కాగితం రాసుకుని విడిపోయిన ఒకామెను రెండో అతను పెళ్ళి చేసుకున్నాడు, సంగతంతా తెలిసే చేసుకున్నాడు. తర్వాత విడిపోయి మనోవర్తి ఎగ్గొట్టబోయాడు. కింది కోర్టు ఇమ్మంది, హైకోర్టు ఆమె వాటా కొట్టేసింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, తెలిసి పెళ్ళి చేసుకున్నవాడు ఇప్పుడా సాకు చెప్పడానికి వీల్లేదు, ఇవ్వాల్సిందేనంది. మంచి తీర్పు. మన ఆడవాళ్ళకు అక్కరకొచ్చే తీర్పు. కానీ అక్కడిదాకా ఎంతమంది పోగలరు?

మన కులపెద్దలు ఒక మాటంటారు. ‘మనకు మన ఆచారం ఉంది. కోర్టులూ గీర్టులూ పెద్దకులాలోళ్ళకి.’ ఈ మాటను కొట్టిపారెయ్యను, ఇందులో నిజముంది. పెద్దకులాల ఇళ్ళల్లో మొగుడు చస్తే పెళ్ళాం గుండు గొరిగించి మూలన కూర్చోబెట్టిన కాలంలో, మన మాలమాదిగ పల్లెల్లో ఆడది మొగుడితో పొసక్కపోతే పుట్టింటికొచ్చేసేది. మారుమనువు పోయేది. దానికి ఎవరూ ముక్కు మీద వేలేసుకోలేదు. పెళ్ళికొడుకు వాళ్ళే ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకునేవాళ్ళు. తెగతెంపులప్పుడు ఆ ఓలి, పెళ్ళి ఖర్చులు అటో ఇటో కట్టి లెక్క తేల్చుకోవడం చాలాచోట్ల ఉండేది. బాబాసాహెబ్ అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లు తెచ్చినప్పుడు విడాకులంటే హిందూ ధర్మం మంట గలిసిపోతుందని సనాతనులు గోల చేశారు. హిందువుల్లో అత్యధికులైన శూద్రుల్లో విడాకుల ఆచారం ఎప్పట్నుంచో ఉంది, మీరు కొద్దిమంది ఆచారాన్ని అందరి నెత్తినా రుద్దుతున్నారని ఆయన వాళ్ళ నోరు మూయించాడు. ఆ బిల్లును నీరుగార్చినందుకు కూడా ఆయన 1951 సెప్టెంబరులో మంత్రి పదవిని వదిలేశాడు. 1955 చట్టంలో విడాకులు వచ్చాయి. ఆచారం ప్రకారం విడిపోయే హక్కును ఈ చట్టం తీసెయ్యదని 29వ సెక్షనులో రాసుకున్నారు కూడా.

అయితే ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చెయ్యాల్సింది ఎవరు? ఉందన్నవాళ్ళే. తరతరాలుగా, ఒకే తీరుగా, తెగకుండా నడుస్తూ వస్తోందని సాక్ష్యంతో చూపించాలి. ఆచారం పేరుతో విడాకులు చట్టానికి మినహాయింపు, కాబట్టి ప్రత్యేకంగా చెప్పుకుని రుజువు చేసుకోవాల్సిందేనని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. రుజువు కాలేదా, ఆచారం కూడా ఆ కాగితాన్ని కాపాడదు. పైగా ఇవాళ వేపచెట్టు కింద జరిగేది మన తాతల ఆచారమేనా? ఓలి పోయింది, కట్నం వచ్చింది. మన ఆడపిల్ల తండ్రి అరెకరం తాకట్టు పెట్టి లక్షలు పోస్తున్నాడు. తెగతెంపులప్పుడు ఆ లక్షల మాట ఎవడూ ఎత్తడు. పెద్దకులాల దగ్గర్నుంచి కట్నం నేర్చుకున్నాం, మన దగ్గరున్న స్వేచ్ఛను మాత్రం పోగొట్టుకున్నాం. మిగిలింది కులపెద్ద కర్ర ఒక్కటే. ఆ పాత ఆచారాన్ని కూడా మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. రంకు కట్టి ఆడదానికే తప్పు వేసేది కూడా ఆ పంచాయితీయే గదా.

ఇంకో సంగతి ఉంది, ఉద్యమంలో ఉన్నవాళ్ళు చెవి పెట్టి వినాలి. మన ఇంటి తగాదా మన పెద్దల దగ్గర తెగకపోతే ఎక్కడికి పోతోంది? ఊళ్ళో పెద్దరైతు అరుగు మీదికి. రెండు వైపులా డిపాజిట్టు కట్టమంటాడు. కట్టడానికి లేనివాడికి తనే అప్పిస్తాడు. ఆ అప్పు కింద ఒక కుటుంబం రెండేళ్ళు అతని పొలంలో చాకిరీ చేస్తది. ఎలక్షన్లప్పుడు ‘నీ కూతురి తగువు తీర్చింది ఎవర్రా’ అని ఒక్కమాటంటాడు, ఇంటిల్లిపాది ఓట్లూ అటు పోతాయి. రేపు అదే ఊళ్ళో అదే కులపోళ్ళు మనమీద దాడి చేస్తే సాక్ష్యం చెప్పాల్సినవాడు నోరు కుట్టేసుకుంటాడు. మన ఇంటి గుట్టు బయట పడితే అగ్రకులం నవ్వుద్దని భయపడేవాళ్ళను అడుగుతున్నా: గుట్టంతా ఆ అరుగు మీద పరిచేసి వచ్చింది ఎవరు?

ఇక పిల్లల సంగతికొద్దాం. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే వాళ్ళు నా తరగతిలో కూర్చుంటారు.

పంచాయితీలో పిల్లల్ని గొర్రెపిల్లల్లాగా పంచుతారు. ‘మగబిడ్డ తండ్రికి, ఆడబిడ్డ తల్లికి.’ మగబిడ్డ వంశం, ఆడబిడ్డ బరువు, ఇదీ లెక్క. అన్నను చెల్లెలి నుంచి విడదీసే హక్కు ఎవడిచ్చాడని అడిగేవాడు లేడు. దసరా సెలవులకు తండ్రి వచ్చి పిల్లాణ్ణి తీసుకెళ్తాడు, ఇక పంపడు. సగం చదువులో టి.సి. కోసం ఎవరో బాబాయి వస్తాడు. 2020లో అమ్మ ఒడి కింద ఏడాదికి 15 వేలు తల్లి ఖాతాలో పడటం మొదలయ్యాక, అంతకుముందు బిడ్డ ముఖం చూడని వాళ్ళు కూడా ‘బిడ్డ మాది’ అంటూ రావడం చూశాను. కువైట్ పోయిన తల్లుల బాధ ఇంకోరకం. కోనసీమ నుంచి, కడప జిల్లా నుంచి మన ఆడవాళ్ళు అరబ్బు ఇళ్ళల్లో పాచిపనికి పోయి నెలనెలా డబ్బు పంపుతారు. ఆ డబ్బుతో తాగిన మొగుడే, ఆమె తిరిగొచ్చాక, ‘బిడ్డను వదిలేసి పోయిన తల్లికి బిడ్డ మీద హక్కేంది’ అంటాడు. ఆమె పంపిన డబ్బు రశీదులే ఆమె తల్లితనానికి సాక్ష్యం. అవి పారెయ్యొద్దు.

చట్టం ఏం చెప్తుంది? 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం తండ్రినే సహజ సంరక్షకుడన్నది, ‘ఆయన తర్వాత తల్లి’ అన్నది. అందులో మనువు వాసన కొడుతూనే ఉంది. 1999లో రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో, తర్వాత అంటే చచ్చిన తర్వాత అని కాదు, తండ్రి పట్టించుకోని చోట తల్లే సంరక్షకురాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఐదేళ్ళ లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని అదే చట్టంలో ఉంది. అన్నిటికంటే పైన ఒక సూత్రం ఉంది: తండ్రి హక్కూ కాదు, తల్లి హక్కూ కాదు, బిడ్డ క్షేమమే చూడాలి. కాస్త ఊహ తెలిసిన బిడ్డ అయితే జడ్జి ఆ బిడ్డ మాట కూడా వినొచ్చు. బాండు పేపరు మీద ఏం రాసినా ఇది మారదు. ‘మగబిడ్డ తండ్రికి’ అన్న రాతకు కోర్టులో పూచికపుల్ల విలువ లేదు. తల్లి తన మనోవర్తి వద్దని వేలుముద్ర వేసినా, బిడ్డ మనోవర్తి వద్దనే అధికారం ఆమెకే లేదు. బిడ్డ హక్కు బిడ్డదే. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్ని ఇళ్ళల్లో తల్లులు రెక్కలు ముక్కలు చేసుకుని ఒంటరిగా సాకుతున్నారో.

ఆలస్యం మాత్రం చెయ్యొద్దు. పిల్లల కేసు వెయ్యాల్సింది బిడ్డ మామూలుగా ఉంటున్న చోటు కోర్టులో. తండ్రి బిడ్డను తీసుకెళ్ళి తన ఊళ్ళో బడిలో వేశాడనుకోండి. ఏడాది గడిచిందంటే ‘బిడ్డ ఇక్కడే ఉంటున్నాడు, ఇక్కడే అలవాటు పడ్డాడు’ అంటాడు. అప్పుడు మీరు వాళ్ళ జిల్లాకు తిరగాలి. గృహహింస చట్టం 2005లో వచ్చింది. దాని కింద మేజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగించమని ఆర్డరు వెయ్యొచ్చు. అది త్వరగా పడే దారి. ఐ.సి.డి.ఎస్. వాళ్ళ ద్వారా ప్రొటెక్షన్ ఆఫీసరుకు దరఖాస్తు చెయ్యొచ్చు, నేరుగా కోర్టులోనూ వెయ్యొచ్చు. ఆ చట్టంలోనే, ఇల్లు మొగుడి పేరున ఉన్నా సరే, ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా ఆమెకుంది. తోటి పంతుళ్ళకు ఒకమాట: పేరెంట్స్ మీటింగుకు ఎవరొచ్చారో, జ్వరం వచ్చినప్పుడు ఇంటికి తీసుకుపోయింది ఎవరో, రిజిస్టర్లో తేదీ వేసి రాసిపెట్టండి. బిడ్డను సాకుతున్నది ఎవరో రేపు కోర్టుకు చెప్పేది అదే.

మన పల్లెల్లో సగానికి సగం ఇళ్ళు చర్చికి పోయేవే కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది గుట్టుగా దాచుకునే విషయమే అయినా చెప్పక తప్పదు. కాగితం మీద హిందూ మాల, హిందూ మాదిగ. పెళ్ళి మాత్రం చర్చిలో, పాస్టరుగారి ముందు. తగాదా వస్తే ఏ చట్టం వర్తిస్తుంది? క్రైస్తవుల విడాకులకు 1869 నాటి తెల్లదొరల చట్టం ఉంది. 2001 దాకా అందులో ఎంత అన్యాయముందంటే, మొగుడు పెళ్ళాం మీద వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. పెళ్ళాం మాత్రం వ్యభిచారంతోపాటు క్రూరత్వమో, వదిలెయ్యడమో కలిపి రుజువు చెయ్యాలి. 2001లో దాన్ని సవరించి ఇద్దరికీ ఒకే కారణాలు పెట్టారు, పరస్పర అంగీకారంతో విడిపోయే దారి కూడా ఇచ్చారు. మన పాస్టర్లలో చాలామందికి ఈ సవరణ జరిగిన సంగతే తెలియదు. విడాకులంటే పాపమని ఒక్కమాట చెప్పి, తన్నులు తినే ఆమెను ప్రార్థన చేసి అదే ఇంటికి పంపుతారు.

మొగుడు బెదిరించేది ఇంకోటి ఉంది. ‘కోర్టుకెక్కి చర్చి పెళ్ళి అని రాయించావంటే నీ పిల్లల ఎస్.సి. సర్టిఫికెట్టు పోద్ది.’ ఈ బెదిరింపు గాలిలోంచి రాలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన దళితుణ్ణి షెడ్యూల్డు కులం కాదంటోంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో తలుపు తీసి, క్రైస్తవ, ముస్లిం దళితుల ముఖాన వేసేసింది. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒకామె కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవం ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందూ ఎస్.సి. అనడం కుదరదంది. పాస్టరైన మనిషికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. మతం మారితే అంటరానితనం పోయిందా? బావి దగ్గర, హోటల్లో, స్మశానంలో పోయిందా? ఆ పోరాటం వేరే చెయ్యాలి, చేస్తాం. ఆ అన్యాయపు ఉత్తర్వును మన మగాడే మన ఆడదాని మెడ మీద కత్తిలా పెడుతుంటే మాత్రం చూస్తూ కూర్చోలేం.

దీనికి దారి ఉంది. 144వ సెక్షను మనోవర్తి కేసుకు మతంతో పనిలేదు. గృహహింస చట్టానికీ లేదు. హిందువా, క్రైస్తవమా, ముస్లిమా అని అవి అడగవు. మనోవర్తి కేసులో పెళ్ళిని హత్య కేసులో లాగా గట్టిగా రుజువు చెయ్యాల్సిన పనీ లేదు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు, ఇరుగుపొరుగు సాక్ష్యం చాలు. కాబట్టి ఆ బెదిరింపుకు భయపడి ఇంట్లో కూర్చునే బదులు ముందు ఈ రెండు దార్లలో నడవండి. విడాకులు ఏ చట్టం కింద అడగాలో నిదానంగా వకీలుతో కూర్చుని ఆలోచించుకోవచ్చు.

మీరు మనోవర్తి కేసు వెయ్యగానే అతను ‘కాపురానికి రమ్మను’ అని ఒక కేసు వేస్తాడు, ఇది వకీళ్ళ పాత ఎత్తు. ఈ కాపురం కేసు సెక్షనును మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే 1983లో జస్టిస్ పి.ఎ.చౌదరి కొట్టేశాడు. ఆడదాని ఒంటి మీద హక్కు ఆమెదే, ప్రభుత్వం ఆమెను బలవంతంగా మొగుడి పక్కలోకి పంపడానికి వీల్లేదన్నాడు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ సెక్షనును మళ్ళీ బతికించింది. అది ఇంకా ఉంది. అయినా ఆ డిక్రీ మొగుడి చేతిలో ఉన్నంత మాత్రాన మనోవర్తి పోదని, ఆమె వెళ్ళకపోవడానికి సరైన కారణముంటే ఇవ్వాల్సిందేనని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు వస్తే మాత్రం తీసుకోండి. పోస్టుమాన్‌ను చూసి తలుపేసుకుంటే ఎక్స్‌పార్టీ అవుద్ది, మీరు లేకుండానే తీర్పు అయిపోద్ది.

డబ్బుల్లేవు, కోర్టుకెట్లా పోతామంటారు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎస్.సి., ఎస్.టి. లకు, ఏ కులమైనా సరే ఆడవాళ్ళకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. మన ఆడమనిషికి ఈ హక్కు రెండు వైపుల నుంచీ ఉంది. మండల న్యాయసేవా కమిటీలో దరఖాస్తు పెట్టండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి. ఇచ్చే వకీళ్ళందరూ మంచివాళ్ళని చెప్పను. పట్టించుకోని వాణ్ణి మార్చమని అడగొచ్చు. మనోవర్తి కేసు ఆమె ఉంటున్న ఊరి కోర్టులోనే వెయ్యొచ్చు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఉచితం, వాయిదాకు ఛార్జీ బాధ తప్పింది. కూలి మాత్రం పోతుంది. ఆ కూలి ఎవరిస్తారో సంఘాలు ఆలోచించాలి.

‘నాకేముంది, కూలోణ్ణి’ అంటాడు మొగుడు. ఒళ్ళు బాగున్న మగాడు కాయకష్టం చేసైనా పెళ్ళాం బిడ్డల్ని పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ ఇవ్వాలని, మనోవర్తి కేసు వేసిన రోజు నుంచే లెక్కగట్టాలని 2020లోనే చెప్పింది. 2001 దాకా మనోవర్తికి నెలకు 500 రూపాయల పరిమితి ఉండేది, ఇప్పుడు లేదు. కట్టకపోతే వారంటు వేయించొచ్చు, జైలుకూ పంపొచ్చు. జైల్లో కూర్చుని వచ్చినంత మాత్రాన బాకీ తీరిపోదు.

ఇన్ని చట్టాలు చెప్పాను, అసలు అడ్డం ఎక్కడుందో కూడా చెప్పాలి. ఆ నలుగురు సాక్షుల సంతకాల్లో మన సంఘం నాయకుడి సంతకం ఎందుకుంటోంది? ఏప్రిల్ 14న అంబేద్కర్ విగ్రహానికి దండేసి, హిందూ కోడ్ బిల్లు మీద గంట ఉపన్యాసమిచ్చినవాడే, సాయంత్రానికి బావమరిది తరఫున పంచాయితీలో కూర్చుని ‘ఆడదానికి ఓర్పుండాలమ్మా’ అంటున్నాడు. పెళ్ళాన్ని కొట్టేవాణ్ణి మండల కమిటీలో పెట్టుకుంటున్నాం. అడిగితే ‘అది వాళ్ళ ఇంటి గొడవ, ఉద్యమానికి సంబంధం లేదు’ అంటారు. దొర మనల్ని చెట్టుకు కట్టేసి కొట్టినప్పుడు ఊళ్ళో పెద్దలు కూడా అదే మాటన్నారు. ఆడవాళ్ళు లేని కమిటీ ఆడవాళ్ళ తగాదా వినకూడదని ఏ సంఘమైనా ఇంతవరకు తీర్మానం చేసిందా?

పెద్దమనుషులు మాట్లాడకూడదని నేననడం లేదు. బంగారం, సారె, కట్నం డబ్బు తిరిగి ఇప్పించండి, బిడ్డ ఖర్చు ఒప్పించండి, తాగి కొట్టేవాణ్ణి నిలదీయండి. ఆ ఒప్పందాన్ని మాత్రం బాండు పేపరు మీద కాకుండా లోక్ అదాలత్‌లో రాయించండి. అక్కడ రాసింది కోర్టు డిక్రీతో సమానం, తప్పితే అమలు చేయించొచ్చు. అక్కడ ఒప్పుకున్నదాని మీద అప్పీలు లేదు కాబట్టి చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టాలి. నిజంగా ఇద్దరూ విడిపోదలుచుకుంటే, ఏడాది వేరుగా ఉన్నాక కలిసి కోర్టులో పిటిషను వెయ్యొచ్చు. ఆరునెలలు ఆగమంటారు. తగిన కారణముంటే ఆ గడువు కూడా తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. చేతిలోకి డిక్రీ వస్తుంది. ఆ తర్వాత మారుమనువు పోతే ఎవడూ వేలెత్తి చూపలేడు.

వచ్చే పక్షంలో ప్రతి గ్రామ సంఘమూ ఒక ఆదివారం పూట దీనికోసమే కూర్చోవాలి. ఆడవాళ్ళు ముందు వరసలో కూర్చోవాలి. ఈ ఐదారేళ్ళలో పల్లెలో రాసిన తెగతెంపుల కాగితాలు ఎన్ని ఉన్నాయో లెక్క తియ్యండి. జిరాక్సు తీయించి, బిడ్డల సర్టిఫికెట్లతో కలిపి, మండల న్యాయసేవా కమిటీకి పట్టుకుపోండి. ఇప్పటికే మనోవర్తి ఆర్డరు ఉండి డబ్బు రానివాళ్ళు కొందరు ఉంటారు. వాళ్ళు ఆర్డరు కాపీ కూడా తీసుకురావాలి, ఎందుకంటే బాకీ పడిన ఏడాదిలోపు వసూలు పిటిషను వెయ్యకపోతే ఆ నెల డబ్బుకు వారంటు వెయ్యరు. బాకీ పది నెలలు దాటినవాళ్ళు ఆదివారం దాకా ఆగొద్దు, రేపే వెళ్ళండి.